ఆనకట్ట మూగబోయిన రాత్రి

"శవం దొరికితే కబురు పెడతాం మదామ్. ఈలోగా మీరు వెళ్లి ఏదైనా నీడన కూర్చోండి."

పోలీసు అధికారి గాస్పార్ మార్సెనాక్ ఆ మాట తన పోలీసులిద్దరికీ వినబడేలా గట్టిగా అన్నాడు. తరవాత మీసం సర్దుకుంటూ, వాళ్లకి వినబడకుండా గొంతు తగ్గించి, "ఈ మోకాళ్ల నొప్పులతో ఎందుకొచ్చావక్కా?" అన్నాడు.

ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. జనంలో మదామ్, చాటున అక్క. ఇరవై ఏళ్లుగా ఈ లెక్క మారలేదు. ఇరవై ఏళ్లుగా ఒకరి కేసులో ఒకరు వేలు పెట్టడమూ మానలేదు.

"మీసానికి ఇంకా నల్ల రంగే వేస్తున్నావా తమ్ముడూ?" అంది సొలాంజ్ దెల్పేష్. ఆవిడ గొంతు మాత్రం తగ్గించలేదు. పోలీసులిద్దరూ నది వైపు తిరిగి దగ్గుకున్నారు.

కాహోర్ పట్నంలో డిటెక్టివ్ సొలాంజ్ అంటే తెలియనివాళ్లు లేరు. పారిపోయిన మొగుళ్లని పట్టుకొచ్చింది, తప్పిపోయిన కుక్కల్ని పట్టుకొచ్చింది. కుక్కలే నయం, ఇంటికొచ్చాక తోకైనా ఊపుతాయి అంటుంది. భారీ మనిషి. ఆవిడ పడవెక్కితే అవతలి గట్టున కప్పలు రెండు మెట్లు పైకి జరుగుతాయని పెయ్‌రాక్ ఊళ్లో ఒక మాట. ఇవాళ పొద్దున్నే ఆ కప్పల్ని జరుపుకుంటూ, ఓ అద్దె పడవని తానే నడుపుకుంటూ వచ్చి పెయ్‌రాక్ లాకు దగ్గర దిగింది.

లోట్ నది మీద సెలవులు గడపడానికి వచ్చేవాళ్లకి పడవ నడిపే సరంగు ఉండడు. లైసెన్సూ అక్కర్లేదు. చుక్కాని ఎటు తిప్పితే పడవ ఎటు పోతుందో కాసేపు చెప్పి, లాకు తూములు తిప్పే ఓ ఇనప హేండిల్ చేతిలో పెట్టి, అద్దెకిచ్చినవాడు చేతులు దులిపేసుకుంటాడు. ఆనకట్ట పక్కన పడవల్ని పైనీటి నుంచి కిందినీటికి దించే లాకుల దగ్గరా ఎవరూ ఉండరు. మీ తలుపులు మీరే తెరుచుకోండి, మీ తూములు మీరే ఎత్తుకోండి, వెళ్లేటప్పుడు మీరే మూసి వెళ్లండి. అదీ పద్ధతి.

నిన్న పొద్దెక్కాక ఈ లాకులో ఓ మనిషి పడి కొట్టుకుపోయిందట. పేరు క్లోటిల్ద్ పూజె. బడిపంతులమ్మ. సెలవులొస్తే చాలు నెత్తికి దీపం కట్టుకుని కొండగుహల్లో దూరుతుంది. ఆమెని పెళ్లాడబోయే ఎద్గార్ వలాద్ పాత సామాన్ల వర్తకుడు. ఇద్దరూ కలిసి 'తూనీగ' అనే పడవ అద్దెకి తీసుకుని పైనుంచి వస్తున్నారు. పడిపోవడం చూసింది ఎద్గార్ ఒక్కడే. నిన్నటి నుంచీ గజ ఈతగాళ్లు లాకు దిగువన నది అడుగంతా దేవుతున్నారు. చెప్పు ఒక్కటి కూడా తేలలేదు.

రాత్రి క్లోటిల్ద్ చెల్లెలు సొలాంజ్‌కి ఫోన్ చేసింది. "మా అక్క చేప. చేప మునిగిపోయిందంటే పోలీసులు నమ్ముతారేమో, నేను నమ్మను. మీరు వెళ్లి చూడండి. బతికుంటే మాత్రం ఎవరూ వెతకాల్సిన చోట వెతకడం లేదు" అంది. ఆ చివరి మాట సొలాంజ్‌ని రాత్రంతా కుట్టింది.

ఆవిడ లాకు గట్టు మీద నెమ్మదిగా నడిచింది. పడవ మోకులు చుట్టడానికి గట్టున వరసగా ఇనప గుంజలున్నాయి. మూడో గుంజ దగ్గర ఆగి, మోకాళ్లని తిట్టుకుంటూ వంగింది.

"ఏం దొరికింది మదామ్? కుక్కా, మొగుడా?" అన్నాడు మార్సెనాక్.

"తాడు ముక్క."

"నది ఒడ్డున తాడు ముక్క! ఇంకేం, పేపర్లో వేయిద్దాం."

సొలాంజ్ గుంజకి బిగిసిపోయి ఉన్న ఆ తాడుని గోటితో గిల్లి చూసింది. రాయిలా ఉంది. లేచి, 'తూనీగ' వైపు నడిచింది.

ఎద్గార్ వలాద్ పడవ ముందు భాగంలో కాన్వాస్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. నలగని తెల్ల చొక్కా. దుఃఖంలో ఉన్నాడు గానీ, ఒక కన్ను ఏడుస్తుంటే రెండోది ఎవరు చూస్తున్నారా అని చూస్తోంది.

"బాబూ, రెండు ముక్కలు అడిగి పోతాను" అంది సొలాంజ్ పడవలో అడుగు పెడుతూ. పడవ ఒక పక్కకి ఒరిగి, ఆలోచించుకుని, మళ్లీ సర్దుకుంది. "లాకులోకి వచ్చినప్పుడు ఎవరెక్కడున్నారు?"

"అంతా పోలీసులకి చెప్పాను."

"నాకు చెవుడు. మళ్లీ చెప్పు."

"నేను గట్టు మీద హేండిల్ తిప్పుతున్నాను. క్లోటిల్ద్ పడవలో మోకు పట్టుకుంది."

"పట్టుకుందా, కట్టేసిందా?"

"పట్టుకుంది. గుంజకి ఒక చుట్టు తిప్పి కొస చేతిలో ఉంచుకుంది. నీళ్లు దిగుతున్నకొద్దీ వదులుతూ ఉండాలి కదా. అద్దెకిచ్చినవాడు అలాగే నేర్పాడు."

"శ్రద్ధగా నేర్చుకున్నావు. తరవాత?"

"నేను తూము ఒక్కసారి పైకెత్తేశాను. నీళ్లు గుంజాయి. వెనక్కి తిరిగి చూస్తే..." ఎద్గార్ మొహం కప్పుకున్నాడు. "లేదు."

సొలాంజ్ వంటగదిలోకి దూరి అలమారా తలుపు తీసింది. పగిలిన పింగాణీ గలగలా ఆవిడ కాళ్ల మీద పడింది. పళ్లేలు, గిన్నెలు, ఓ వైన్ సీసా, అన్నీ కుడివైపు మూలకి పోగుపడి ముక్కలై ఉన్నాయి. ఎడమవైపు అరలో ఒక్క చెంచా కూడా లేదు.

బయటికొచ్చింది. "పళ్లేలు ఎప్పుడు పగిలాయి నాయనా?"

"గమనించలేదు. పళ్లేల గురించి ఆలోచించే స్థితిలో ఉన్నానా నేను?"

"లేవులే. నేనున్నాను. మార్సెనాక్, ఇటు రా." తమ్ముడు దగ్గరికి వచ్చేదాకా ఆగింది. "ఆ గుంజకి ఉన్నది మోకు చుట్టు కాదు, ముడి. ఒకటి కాదు, రెండు ముళ్లు. పీక నులిమినంత బిగిశాయి. కింద కత్తితో కోసిన కొస. మోకు చేత్తో పట్టుకున్న మనిషికి ముడితో పనేమిటి? పడవలో ఇంకెవరూ లేనివాడే ముడి వేస్తాడు. ఒంటరిగా లాకు దాటే ప్రతి వెర్రివాడూ చేసే పనే ఇది. కట్టేస్తాడు, గట్టెక్కుతాడు, నీళ్లు దించుతాడు. నీళ్లు దిగుతాయి గానీ ముడి దిగదు. పడవ కసాయి కొట్లో మేకలా గోడకి వేలాడుతుంది. పళ్లేలన్నీ ఒక పక్కకి జారిపోతాయి. అప్పుడు వీడు కత్తి పట్టుకుని పరిగెడతాడు."

ఎద్గార్ ఏడుస్తున్న కన్ను కూడా ఆరిపోయింది. "ఆమె అలిసిపోయింది. తనే కట్టేసి ఉంటుంది."

"ఇప్పుడే కదా పట్టుకుందన్నావు?"

"చాల్లే మదామ్" అన్నాడు మార్సెనాక్. "ముడిని చూపించి ఎవర్నీ ఉరితీయరు. ఆ పిల్ల కట్టేసి, అంచున నిలబడి, పడవ ఒరగ్గానే జారిపడి ఉండొచ్చు. మీ ముడి నా మాటనే బలపరుస్తోంది."

ఎద్గార్ సన్నగా నవ్వాడు. "మదామ్ చెప్పినట్టు నేను ఒక్కణ్ణే లాకులోకి వచ్చానే అనుకుందాం. మరి క్లోటిల్ద్ ఏది? చెప్పండి. చెబితే నాకంటే సంతోషించేవాళ్లుంటారా?"

సొలాంజ్ పడవ దిగి, గట్టు వెంట ఆనకట్ట వైపు నడిచింది.

ఆనకట్టని ఆనుకుని ఫిలొమేన్ భోజనశాల ఉంది. లోపల బాతు మాంసం వేగుతున్న వాసన. సొలాంజ్ కూర్చోగానే ఫిలొమేన్ కాఫీ తెచ్చి, తనూ కూలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏమే, నీ మొగుడు మళ్లీ తాగొచ్చాడా?"

"తాగితే పడుకుంటాడుగా. ఆయన సంగతి కాదు. మొన్న రాత్రి చెడిన నిద్ర ఇంకా తీరలేదు."

"ఎవరైనా గొడవ చేశారా?"

"గొడవ లేకనేనమ్మా!" ఫిలొమేన్ కిటికీలోంచి ఆనకట్ట వైపు చెయ్యి చూపింది. "కాపరానికొచ్చిన నాటి నుంచీ ఇది నా చెవి పక్కనే గురకపెడుతోంది. దీని ముందు నా మొగుడి గురక దోమపాట. మొన్న రాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఉలిక్కిపడి లేచాను. ముందు మొగుడే పోయాడనుకున్నాను. తడిమి చూస్తే వెచ్చగానే ఉన్నాడు. కిందికొస్తే మా కుక్క గుమ్మంలో నిలబడి నిశ్శబ్దాన్ని చూసి మొరుగుతోంది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఏమని చెప్పను? అయ్యా, మా చప్పుడు పోయింది, వెతికిపెట్టండి అని నీ తమ్ముడి దగ్గరికి వెళ్లనా? ఆయన అసలే శవం వెతుకుతున్నాడు."

"మళ్లీ ఎప్పుడొచ్చింది?"

"నిన్న సాయంత్రం సన్నగా మొదలెట్టింది. ఇంకా గొంతు పూర్తిగా విచ్చుకోలేదు, విను."

సొలాంజ్ విన్నది. ఆనకట్ట మీదుగా గాజు పలక మందాన నీళ్లు జారుతున్నాయి. ఆవిడ కాఫీ తాగడం మరిచిపోయి బయటికి నడిచింది.

ఆనకట్టకి ఎగువన బట్టలుతికే పాత రాతిమెట్లున్నాయి. నీటికి పైన మూడు మెట్ల నిండా బురద. ఎండకి పెచ్చులు కట్టి, పెచ్చుల మధ్య నోళ్లు తెరిచి చచ్చిన నత్తగుల్లలు. నీళ్లలో ఉండాల్సిన గుల్లలు మెట్టెక్కి చావవు. నీళ్లే వాటిని వదిలేసి దిగిపోయాయి.

నది మెట్టు దిగింది! వానలు లేని ఆగస్టులో లోట్ నది చేతివేలంత సన్నగా పారుతుంది. అప్పుడు లాకు పైతూములూ కిందితూములూ ఒకేసారి ఎత్తి వదిలేస్తే చాలు. ఆనకట్ట ఎక్కాల్సిన నీరంతా లాకులోంచి దొంగదారిన పోతుంది. ఎగువన కొండల కింద నది మొత్తం కుంగుతుంది. సెలవులకొచ్చినవాళ్లు మతిమరుపుతో ప్రతి వేసవీ ఒకసారి ఈ పని చేస్తారు, ఊరంతా తిట్టిపోస్తుంది. కానీ మరిచిపోయినవాడు తన దారిన పోతాడు. మర్నాడు వచ్చి బుద్ధిగా మూసిపెట్టడు.

ఇక్కడ ఎవరో రాత్రి తెరిచారు. పని కాగానే మూశారు. నదిని కిందికి దించితే గాని కనబడనిది ఏదో ఎగువన ఉంది. గుహల పిచ్చి ఉన్న పిల్ల దాన్ని చూడటానికి వెళ్లింది. నీళ్లు మళ్లీ లేచి తలుపు మూసేశాయి. వాడు ఒక్కడే కిందికొచ్చి, శవాన్ని కింద వెతకండి అన్నాడు.

సొలాంజ్‌కి తాత గుర్తొచ్చాడు. ఆయన వైన్ పీపాల పడవ నడిపేవాడు. పెద్ద కరువు వచ్చిన ఏడు ఎగువనున్న తెల్లకొండ కింద నది ఊపిరి పీల్చుకునేదనీ, అక్కడ పడవలో వెలిగించిన చుట్టలన్నీ ఆ చలిగాలికి ఆరిపోయేవనీ చెప్పేవాడు. తాత చెప్పిన వాటిలో ముప్పాతిక కోతలే. మిగిలిన పాతికలో ఇదీ ఒకటని ఆవిడకి ఇప్పుడనిపించింది.

మార్సెనాక్ అంతా విన్నాడు. మధ్యలో రెండుసార్లు నవ్వాడు కూడా.

"అక్కా, నా గజ ఈతగాళ్లు కింద నీళ్లలో ఉన్నారు. నేను తూములెత్తితే వాళ్లు కొట్టుకుపోతారు. పైగా జిల్లా కార్యాలయం నుంచి హుకుం రావాలి. దేనికి? నత్తగుల్లలూ, ఫిలొమేన్ నిద్రా, మన తాత చుట్టా!"

"ఆ పిల్ల నిన్న పొద్దుటి నుంచీ కొండ కడుపులో ఉంది రా."

"ఉంటే ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది."

"అది నువ్వు చెప్పకు. నువ్వు శవాన్ని వెతుకుతున్నావు కాబట్టి నీకు శవమే కావాలి. నాకు మనిషి కావాలి."

"ఇంకొక్క మాట అంటే పనికి అడ్డొచ్చారని కేసు రాస్తాను మదామ్!"

ఈసారి చాటున కూడా మదామే. సొలాంజ్ గుడిగంట పన్నెండు కొట్టేదాకా గట్టు మీద బెంచీలో కూర్చుంది.

ఆ దేశంలో దేవుడైనా పన్నెండింటికి చెంచా పట్టాల్సిందే. గజ ఈతగాళ్లు నీళ్లలోంచి లేచి ఒళ్లు తుడుచుకున్నారు. పోలీసులు టోపీలు తీశారు. ఎద్గార్‌ని కూడా వెంటబెట్టుకుని అందరూ ఫిలొమేన్ బల్లల చుట్టూ చేరారు. నది మీద ఒక్క పడవ కదలడం లేదు, నీళ్లలో ఒక్క మనిషి లేడు.

సొలాంజ్ లేచి, తన అద్దె పడవలోంచి ఇనప హేండిల్ తీసింది. పడవ అద్దెకి తీసుకున్న ప్రతివాడికీ లాకు తిప్పుకునే హక్కుంది. దానికి ఏ హుకుమూ అక్కర్లేదు. పైతూముల పళ్లచక్రానికి హేండిల్ తగిలించి ఒళ్లంతా వేసి తిప్పింది. తరవాత కిందివి. ఇనుము మూలిగింది, మోకాళ్లు అంతకంటే గట్టిగా మూలిగాయి. లాకు అడుగున ఎద్దు రంకె వేసినట్టు నీళ్లు విరుచుకుపడ్డాయి.

లోపల సూప్ వడ్డించేసరికి ఆనకట్ట మీది గాజు పలక చిల్లులు పడింది. బాతు మాంసం వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. జున్ను పళ్లెం బల్ల మీద పెడుతూ ఫిలొమేన్ చెయ్యి గాల్లో ఆపేసి, "మళ్లీ పోయిందమ్మా!" అని కేక పెట్టింది.

అందరూ మెడలో రుమాళ్లతోనే బయటికి పరిగెత్తారు.

"మూసెయ్యి!" మార్సెనాక్ మొహం టమోటాలా ఉంది. "ఆ హేండిల్ ఇలా ఇయ్యి!"

"నా కింద ఉంది. లేపి తీసుకో" అంది సొలాంజ్ కూర్చున్న చోటి నుంచి. అదెవరి వల్లా అయ్యే పని కాదని ఊరందరికీ తెలుసు.

"నిన్ను అరెస్టు చేస్తాను! అక్కవైనా సరే!"

"చెయ్యి. సాయంత్రం దాకా ఆగి చెయ్యి. అప్పటికి ఏమీ కనబడకపోతే నేనే వచ్చి నీ జీపెక్కుతాను."

అప్పుడు వాళ్ల వెనక నుంచి ఎద్గార్ వలాద్ అరిచాడు. "నీళ్లు దించొద్దు! పైన నది దించకండి! ఆపండి, ఎవరైనా ఆపండి!"

మార్సెనాక్ మెల్లగా వెనక్కి తిరిగాడు. మీసానికి రంగు వేసుకుంటాడు గాని, బుర్రకి వేసుకోలేదు. ఎద్గార్ మెడ కింద రుమాలు చివర నిదానంగా పట్టుకున్నాడు.

"మిస్యే వలాద్, మీ పిల్ల లాకు కింద కదా పోయింది?"

"అవును..."

"కింద నీళ్లు పెరుగుతున్నాయి. దానికి మీరు అరవాలి. పైన తగ్గితే మీకేమిటి కష్టం?"

మార్సెనాక్ రుమాలు వదిలి, అదే చేత్తో బేడీలు తీశాడు. తరవాత అక్క పక్కన, ఆ రాతి మీదే, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం అక్కడున్నవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. నది ఒళ్లు విరుచుకుని పాన్పు దిగినట్టు దిగింది. తడిసిన కొండగోడ మీద నల్లటి గీత, దాని కింద ఇంకో గీత, తాతల నాటి పడవలు లాగిన మోకుల రాపిడికి రాతిలో పడిన గాట్లు. తరవాత బురదలోంచి ఓ పాత సరుకు పడవ పక్కటెముకలు లేచాయి, నేల కింద పడుకున్న జంతువేదో ఊపిరి తీసుకోబోతున్నట్టు. ఒక ముసలాయన సిలువ గుర్తు వేసుకున్నాడు. ఎవరూ జోకు వెయ్యలేదు. పెయ్‌రాక్ ఊళ్లో అదే పెద్ద వింత.

కాఫీలు చల్లారిపోయాక, తెల్లకొండ కింద నీటి అంచున రొట్టెల పొయ్యి నోరంత నల్లటి చీలిక తెరుచుకుంది. దాంట్లోంచి వచ్చిన గాలి నది దాటి వచ్చి వాళ్ల చెంపలకి తగిలింది. ఆగస్టు ఎండలో, మంచులాంటి గాలి.

"చుట్ట ఉందా అక్కా?" అన్నాడు మార్సెనాక్ చిన్నగా.

"పడవ తియ్యరా. తాతని తరవాత నమ్ముదువు గాని."

ఎద్గార్‌ని పోలీసులిద్దరికీ అప్పగించారు. చేపలు పట్టేవాళ్ల బల్లపరుపు పడవ ఒకటి తీసుకుని, పెద్ద టార్చి లైటుతో అక్కాతమ్ముళ్లిద్దరే బయల్దేరారు. చీలిక నోటి దగ్గర పడవలో వెల్లకిలా పడుకుని, పైకప్పు రాతిని చేతులతో పట్టి లాక్కుంటూ లోపలికి జారారు. ఒకచోట సొలాంజ్ పొట్ట కొండకి ఆనింది.

"ఊపిరి వదులక్కా."

"వదిలాను రా. కొండనే వదలమను."

ఎవరు వదిలారో గాని పడవ కదిలింది. రాయి పైకి పైకి పోయింది. పడవ మెత్తగా ఎర్రమట్టి గట్టుకి తగిలింది. మార్సెనాక్ లేచి నిలబడి లైటు పైకెత్తాడు.

గుర్రాలు.

ముందు ఒకటి, మెడ వంచి. దాని వెనక పది. వాటి వెనక లెక్క లేనన్ని. ఎరుపూ నలుపూ జూలుతో, బలిసిన పొట్టలతో, కొండగోడ ఎత్తుపల్లాలే వాటి కండలైనట్టు. వాటి పైన కొమ్ములు తిరిగిన అడవిదున్నలు, పైకప్పు దాకా. ఎన్ని వేల ఏళ్ల కిందటివో. రాత ఎరగని మనుషులు, నూనెదీపం పట్టుకుని ఇక్కడ నిలబడి, ఒక్క గీత కూడా తప్పు పోకుండా గీశారు. సొలాంజ్ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"మనం చెప్పులతో వచ్చాం" అన్నాడు మార్సెనాక్ చిన్నపిల్లవాడిలా.

గుర్రాల కింద చేతులున్నాయి. గోడకి చెయ్యి ఆనించి చుట్టూ రంగు ఊదిన గుర్తులు, ఆడవాళ్లవి, మగవాళ్లవి, పసివాళ్లవి కూడా. ఇక్కడ మేమున్నాం అని చెప్పి వెళ్లిపోయినట్టు. ఒక్కొక్క చేతి మీదుగా లైటు మెల్లగా జరిగింది. జరిగి, ఆగింది.

ఒక గుర్రానికి తల లేదు. తల ఉండాల్సిన చోట నాలుగు పలకల గుంట. అంచులు రంపంతో కోసినట్టు నున్నగా ఉన్నాయి, కింద తెల్లటి రాతిపొడి కుప్ప.

"పాత సామాన్ల వర్తకుడు!" సొలాంజ్ పళ్లు కొరికింది. "ఆ పిల్ల నమ్మి చూపించింది. వాడు కోసి అమ్ముదామన్నాడు. వద్దని అడ్డం పడి ఉంటుంది."

"అక్కా." మార్సెనాక్ లైటు పక్కకి జరిపాడు. "ఇటు చూడు."

గుంట పక్కన ఇంకో చెయ్యి. పాతవాటిలా చుట్టూ ఊదిన రంగు కాదు. ఎర్రమట్టి పూసుకుని అరచెయ్యి అద్దినది. వేళ్లు గుహ లోపలికి చూపిస్తున్నాయి. మార్సెనాక్ చూపుడు వేలితో దాన్ని తాకి, వేలిని వెలుగులో పెట్టాడు. వేలు ఎర్రగా ఉంది.

"తడి ఆరలేదు."

"బతికుంది!" సొలాంజ్ కేక కొండంతా తిరిగి వచ్చింది. "క్లోటిల్ద్! అమ్మా క్లోటిల్ద్! మీ చెల్లెలు పంపితే వచ్చాం!"

ప్రతిధ్వని అణిగింది. అప్పుడు పై రాతి అరుగు వెనక నుంచి, ఎండిపోయిన ఆడగొంతు గుసగుసగా వినిపించింది.

"దీపం ఆర్పండి."

"ఏమిటమ్మా?"

"ఆర్పండి! ఎద్గార్ వెంట రంపం పట్టుకొచ్చినవాడు ఇంకా లోపలే ఉన్నాడు. ఎద్గార్ మళ్లీ నీళ్లు దించి తీసుకెళతాడని కాచుకున్నాడు. నేను తప్పించుకుని నిన్నటి నుంచీ ఇక్కడ నక్కి ఉన్నాను. మీ కేక విన్నాడు..."

మార్సెనాక్ బొటనవేలు మీట నొక్కింది. అంత చీకటి సొలాంజ్ ఎప్పుడూ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఆ చీకట్లో, గుహ లోతుల్లోంచి, తీరిగ్గా, కులాసాగా ఓ మగగొంతు వచ్చింది.

"ఎద్గార్! నువ్వేనట్రా? ఎవర్ని వెంటబెట్టుకొచ్చావు?"

దూరంగా వంపు దగ్గర ఒక లాంతరు ఊగుతూ కనబడింది. దాని వెలుగుకి గోడ మీది గుర్రాలన్నీ ఒక్కసారి పరుగందుకున్నాయి.